వానపాము నాడిలో కబురు వేగాన్ని కొలవడం ఎలా?

మన రోజువారీ మాటల్లో నరం అన్న పదం చాలా బరువు మోస్తుంది. ఇంజెక్షన్ నరానికి ఇచ్చారంటే అది రక్తనాళం, మెడ నరం పట్టేసిందంటే చాలాసార్లు అది కండరం, కాలి మడమ వెనుక గట్టిగా తగిలే నరం నిజానికి కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు. ఈ వ్యాసంలో నాడి అన్న మాటకు ఒకే అర్థం ఉంది: నాడీకణాల పొడవైన పోగులు కలిసి ఏర్పడిన కట్ట. ఆ పోగునే న్యూరాన్ తాలూకు యాక్సాన్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో దానిని తంత్రికాక్షం అని రాస్తారు. న్యూరాన్ ఎలా పనిచేస్తుందో బొమ్మ చూసి నేర్చుకోవచ్చు గాని, దాని కబురు ఎంత వేగంతో పోతుందో స్వయంగా కొలిచిన విద్యార్థికి కలిగే అవగాహన వేరుగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ కొలత ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులకు అందుబాటులో ఉన్నదే. దానికి ఒక పెద్ద వానపాము, కొన్ని సన్నని పిన్నులు, రెండు చానెళ్ల ఆంప్లిఫైయర్, ఒక ల్యాప్‌టాప్, ఒక స్కేలు ఉంటే చాలు.

ఈ కొలత సాధ్యమేనని ఒకప్పుడు ఎవరూ అనుకోలేదు. 19వ శతాబ్దపు గొప్ప శరీరధర్మ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ నాడీ ప్రచోదన వేగాన్ని కొలిచే సాధనం మనకు ఎప్పటికీ దొరకకపోవచ్చని భావించారు. ఆయన శిష్యుడే అయిన హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ కోనిగ్స్‌బెర్గ్‌లో పనిచేస్తూ 1850లో దానిని కొలిచి చూపారు. కప్ప కాలి పిక్క కండరాన్ని దాని నాడితో సహా వేరుచేసి, నాడికి కండరం దగ్గర ఒకసారి, దూరంగా మరోసారి విద్యుత్ తాకిడి ఇచ్చి, కండరం ముడుచుకోవడానికి రెండు సందర్భాల్లోనూ పట్టిన సమయాలను పోల్చారు. కండరం తనంతట తాను తీసుకునే ఆలస్యం రెండింటిలోనూ ఒకటే కనుక, ఒక సమయంలోంచి మరొక సమయాన్ని తీసివేస్తే మిగిలేది నాడిలో ప్రయాణానికి పట్టిన సమయం మాత్రమే. ఆయనకు వచ్చిన వేగం సెకనుకు సుమారు 27 మీటర్లు. ఇది గాలిలో శబ్ద వేగంలో పదో వంతు కూడా కాదు. మనసు, మాట, కదలిక అన్నీ క్షణమాత్రంలో జరుగుతాయన్న నమ్మకం ఆ ఒక్క తీసివేతతో సడలిపోయింది. మనం చేయబోయే ప్రయోగంలోనూ ఆయుధం ఆ తీసివేతే.

వానపామునే ఎందుకు ఎంచుకోవాలి?

చేపల గాలానికి గుచ్చే ఎరగా, వర్మీకంపోస్టు తొట్టెల్లో రైతుకు తోడుగా మనకు తెలిసిన ఈ ప్రాణి పొట్ట వైపున, చర్మానికి దగ్గరగా, తల నుంచి తోక దాకా ఉదర నాడీదండం ఉంటుంది. ఆ దండంలో వేలాది సన్నని తంతువులతో పాటు మూడు చాలా లావైన తంతువులు కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ఒకటి మధ్య మహాతంతువు, దానికి అటూ ఇటూ ఉన్న జత పార్శ్వ మహాతంతువులు. తల వైపు ఏదైనా తగిలితే మధ్య తంతువు, తోక వైపు తగిలితే పార్శ్వ తంతువులు పనిచేస్తాయి. పార్శ్వ తంతువులు రెండూ ఒకదానితో ఒకటి అడ్డంగా కలిసి ఉండటం వల్ల ఒకే తంతువులా ప్రవర్తిస్తాయి. పక్షి ముక్కు తగిలిన మరుక్షణం వానపాము బొరియలోకి ముడుచుకుపోవడానికి ఈ తంతువులే ఆధారం. తంతువు లావుగా ఉంటే దాని విద్యుత్ సంకేతం కూడా పెద్దదిగా ఉంటుంది కనుక, ప్రాణిని కోయకుండానే, శరీరం బయటి పొరల్లో ఆనించిన పిన్నుల ద్వారానే దానిని పట్టుకోవచ్చు. పైగా ఒకే ప్రాణిలో వేర్వేరు లావులున్న రెండు రకాల తంతువులు దొరుకుతున్నాయి కాబట్టి లావుకూ వేగానికీ ఉన్న సంబంధాన్ని కూడా పరీక్షించవచ్చు. ఇంత చక్కని అమరిక మరో తేలికైన ప్రాణిలో దొరకడం కష్టం.

కబురు అంటే ఏమిటి?

పరికరాల దగ్గరకు వెళ్లేముందు మనం పట్టుకోబోయే సంకేతం ఏమిటో స్పష్టంగా తెలియాలి. విశ్రాంతిలో ఉన్న న్యూరాన్ లోపలి వైపు బయటి కంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ విద్యుత్ పీడనంలో, అంటే వోల్టేజ్‌లో, ఉంటుంది. కణం లోపల పొటాషియం అయాన్లు ఎక్కువ, బయట సోడియం అయాన్లు ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టేది కణపొరలో ఉన్న సోడియం పొటాషియం పంపు. అది ఒక్కో విడతలో 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది, అందుకు ఒక ఏటీపీ అణువును ఖర్చు చేస్తుంది. ఈ పంపును డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో వెల్లడించారు. దానికి ఇంధనమైన ఏటీపీని అంతకు ముందే, 1920ల చివర్లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో గుర్తించారు. దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా గుర్తించారు. మన శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడు విశ్రాంతి సమయంలో మొత్తం శక్తిలో 20 శాతం దాకా తీసుకోవడానికి ప్రధాన కారణం అయాన్ల తేడాను కాపాడే ఈ పనే. కనుక నాడుల గురించి మాట్లాడేటప్పుడు సుబ్బారావు పేరు తలచుకోవడం కేవలం మన ప్రాంతాభిమానం కాదు.

ఇప్పుడు తంతువు ఒక చివర తాకిడి వల్ల లోపలి పీడనం కొద్దిగా పెరిగిందనుకుందాం. అది సుమారు మైనస్ 55 మిల్లీవోల్టుల హద్దును దాటితే పొరలోని సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకువస్తుంది, లోపలి పీడనం సున్నాను దాటి ప్లస్ 30 లేదా 40 మిల్లీవోల్టుల వరకు ఎక్కుతుంది. మిల్లీసెకను గడిచేలోపే ఆ ద్వారాలు తమంతట తాము మూతపడతాయి, కాస్త ఆలస్యంగా తెరుచుకున్న పొటాషియం ద్వారాలు పొటాషియంను బయటికి వదిలి పాత స్థితిని తెస్తాయి. ఈ ఎత్తుపల్లాన్నే యాక్షన్ పొటెన్షియల్ అంటారు. ప్రయోగశాలల్లో అందరూ వాడే చిన్న మాట స్పైక్. ఒకచోట పుట్టిన స్పైక్ పక్కనున్న పొరను కూడా హద్దు దాటిస్తుంది, అది దాని పక్కదానిని. గడ్డివాములో నిప్పు పాకినట్లు సంకేతం తన బలాన్ని కోల్పోకుండా ముందుకు సాగుతుంది. అయితే గడ్డి కాలిపోతే మిగిలేది బూడిద, తంతువు మాత్రం కొద్ది మిల్లీసెకన్లలో మళ్లీ సిద్ధమవుతుంది. ఇప్పుడే వాడిన చోటు కాసేపు స్పందించకుండా ఉండటం వల్ల కబురు వెనక్కి తిరగదు.

చాలామంది విద్యార్థులు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ప్రతి స్పైక్‌కూ పంపు పనిచేసి పీడనాన్ని దించుతుందని రాస్తారు. అది సరికాదు. పీడనాన్ని దించేది పొటాషియం ద్వారాలు. పంపు చేసేది నెమ్మదిగా, నిరంతరంగా సాగే సర్దుబాటు మాత్రమే. ఒక స్పైక్‌లో కదిలే అయాన్ల సంఖ్య కణంలోని మొత్తంతో పోలిస్తే ఎంత స్వల్పమంటే, లావైన యాక్సాన్‌లో పంపును ఆపివేసినా అది ఇంకా ఎన్నో స్పైక్‌లను పంపగలదు.

కావలసిన సామగ్రి

వానపాము కనీసం 12 సెంటీమీటర్ల పొడవు ఉంటే పని తేలిక. వర్మీకంపోస్టు యూనిట్లలో దొరికే పెద్ద రకం సరిపోతుంది. కీటకాలను అమర్చడానికి వాడే సన్నని ఉక్కు పిన్నులు 5, వాటికి అతికించిన పలుచని తీగలు, ఒక థర్మోకోల్ పలక, ప్లాస్టిక్ స్కేలు, నీరు చిలకరించే చిన్న సీసా, టూత్‌పిక్ లేదా వెదురు పుల్ల సిద్ధం చేసుకోవాలి.

ఆంప్లిఫైయర్ గురించి కొంత వివరంగా చెప్పాలి. తంతువు లోపల 100 మిల్లీవోల్టుల మేర జరిగే ఎత్తుపల్లం శరీరం బయట పిన్నుకు చేరేసరికి కొన్ని పదుల మైక్రోవోల్టులకు, మహా అయితే కొన్ని వందల మైక్రోవోల్టులకు పడిపోతుంది. అంటే దాదాపు వెయ్యో వంతు. కాబట్టి సంకేతాన్ని కనీసం వెయ్యి రెట్లు పెంచాలి. అంతకంటే ముఖ్యమైనది, రెండు పిన్నుల మధ్య తేడాను మాత్రమే పెంచి, రెండింటికీ ఉమ్మడిగా వచ్చే గోలను తోసివేసే రకం ఆంప్లిఫైయర్ కావాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫైయర్ అని అడిగితే దొరికే చిప్పుతో ఇది కుదురుతుంది. బోధన కోసమే తయారుచేసిన రెండు చానెళ్ల స్పైకర్‌బాక్స్ వంటి పెట్టెలు కూడా ఉన్నాయి. ఏదైనా సరే, అది 9 వోల్టుల బ్యాటరీతోనే నడవాలి. ల్యాప్‌టాప్ చార్జర్‌ను కూడా ప్రయోగం జరుగుతున్నంతసేపూ గోడ నుంచి తీసివేయాలి. ఇందుకు మొదటి కారణం భద్రత, రెండవది మన కరెంటు సరఫరాలోని 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం.

రికార్డింగుకు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అయితే మామూలు ల్యాప్‌టాప్ మైకు రంధ్రం తరచుగా ఒకే చానెల్‌ను తీసుకుంటుంది. రెండు ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ ఆడియో పెట్టెను వాడి, స్టీరియోలో, సెకనుకు 44,100 నమూనాల చొప్పున రికార్డు చేయాలి. అప్పుడు రెండు నమూనాల మధ్య దూరం 0.023 మిల్లీసెకన్లు, మనం కొలవబోయే సమయాలకు అది ధారాళంగా సరిపోతుంది.

ప్రాణిని సిద్ధం చేయడం

వానపామును మంచినీటితో కడిగి మట్టి పోగొట్టాలి. ప్రయోగశాలలో వాడే శుద్ధమైన ఇథనాల్ 10 మిల్లీలీటర్లను 90 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, అందులో వానపామును ఉంచితే కొద్ది నిమిషాల్లో కదలికలు తగ్గుతాయి. శానిటైజర్‌ను గాని, మిథనాల్ కలిసిన స్పిరిట్‌ను గాని ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. మెల్లగా తాకినప్పుడు మెలి తిరగడం ఆగిన వెంటనే బయటికి తీసి నీటితో బాగా కడగాలి. ఇక్కడ తొందరపాటు ఎంత చెరుపో, ఆలస్యం కూడా అంతే చెరుపు. మత్తు చాలకపోతే కండరాల సంకేతాలు నాడి సంకేతాన్ని ముంచేస్తాయి, మత్తు ఎక్కువైతే నాడి కూడా మూగబోతుంది, మరీ ఎక్కువైతే ప్రాణి చనిపోతుంది. కడిగిన తరువాత మూడు నాలుగు నిమిషాలు ఆగి మొదలుపెడితే ఫలితాలు మెరుగ్గా వస్తాయి. వానపాము చర్మం ద్వారానే ఊపిరి తీసుకుంటుంది కనుక ప్రయోగం సాగినంతసేపూ ఒళ్లు తడిగా ఉండాలి. అలాగని కింద నీటి మడుగు ఉండకూడదు, ఎందుకంటే ఆ నీరు పిన్నులను ఒకదానితో ఒకటి కలిపేసి సంకేతాన్ని మింగేస్తుంది. తడి ఒంటి మీద, పొడి పలక మీద అన్నది గుర్తుపెట్టుకోవలసిన నియమం.

తల ఏదో తోక ఏదో సందేహం వస్తే ఒంటి చుట్టూ ఉంగరంలా ఉండే ఉబ్బెత్తు పట్టీ, అంటే క్లైటెల్లం, ఏ చివరకు దగ్గరగా ఉందో చూడండి. అదే తల వైపు.

పిన్నుల అమరిక

వానపామును థర్మోకోల్ మీద, పొట్ట కిందికి ఉండేలా, నిటారుగా పడుకోబెట్టి పక్కనే స్కేలు ఉంచాలి. మొదటి చానెల్‌కు రెండు పిన్నులను తల నుంచి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో, ఒకదానికొకటి 5 మిల్లీమీటర్ల ఎడంతో గుచ్చాలి. రెండవ చానెల్ జతను అక్కడి నుంచి మరో 4 సెంటీమీటర్లు వెనక్కి, అదే ఎడంతో, అదే వరుసలో గుచ్చాలి. అయిదవ పిన్ను గ్రౌండ్, దానిని రెండు జతల మధ్య పెట్టాలి. పిన్నులను ఒంటి అంచు దగ్గర, మధ్య గీతకు పక్కగా గుచ్చితే నాడీదండానికీ పెద్ద రక్తనాళానికీ దెబ్బ తగలదు. రెండు జతల్లోనూ తల వైపు పిన్ను ఆంప్లిఫైయర్ తాలూకు ఒకే గుర్తుకు వెళ్లేలా చూసుకోండి. ఒకటి తిరగబడితే రెండు చానెళ్లలో స్పైక్‌లు ఒకటి పైకి, ఒకటి కిందికి కనిపించి పోలిక కష్టమవుతుంది. వేగం లెక్కకు కావలసిన దూరం మొదటి జతలోని తల వైపు పిన్ను నుంచి రెండవ జతలోని తల వైపు పిన్ను వరకు.

రికార్డింగ్ మొదలుపెట్టి ముందు అర నిమిషం ఏమీ చేయకుండా వినండి. స్థిరమైన సన్నని గరగర మాత్రమే ఉండాలి. తెర మీద ప్రతి 20 మిల్లీసెకన్లకూ ఒక అల క్రమం తప్పకుండా వస్తుంటే అది గోడ కరెంటు. అప్పుడు గ్రౌండ్ పిన్ను వదులైందేమో చూడాలి, ట్యూబ్‌లైట్లు, ఫ్యాను ఆపాలి. అప్పటికీ తగ్గకపోతే పలకను మొత్తంగా ఒక పెద్ద స్టీలు డబ్బాలో ఉంచి, ఆ డబ్బాను ఆంప్లిఫైయర్ గ్రౌండ్‌కు కలపాలి. డబ్బాలో పెట్టగానే గోల సద్దుమణిగి నిశ్శబ్దం పరుచుకోవడం విద్యార్థులకు ఫెరడే పంజరం (బయటి విద్యుత్ గోలను అడ్డుకునే లోహపు గూడు) గురించి వంద వాక్యాల కంటే బాగా చెబుతుంది.

తాకడం, వినడం

పుల్ల కొనతో తల చివరను చురుగ్గా, తేలిగ్గా తట్టండి. చేతితో నేరుగా గాని, లోహంతో గాని తాకకూడదు, మన శరీరం కూడా ఒక యాంటెన్నాయే. సరిగ్గా జరిగితే స్పీకరులో పటుక్కుమని ఒక శబ్దం వస్తుంది. తెర మీద మొదటి చానెల్‌లో ఒక పదునైన స్పైక్, కొద్ది తేడాతో రెండవ చానెల్‌లో దాని జోడు కనిపిస్తాయి. అది మధ్య మహాతంతువు సంకేతం. తరువాత తోక చివరను తట్టండి. ఈసారి రెండవ చానెల్‌లో ముందు, మొదటి చానెల్‌లో తరువాత స్పైక్ రావాలి. ఇది పార్శ్వ తంతువులది. పిన్నులను కదపకుండానే కబురు ప్రయాణ దిశ తారుమారు కావడం కళ్లారా చూడవచ్చు.

ఏది నిజమైన స్పైక్, ఏది కాదు అన్న నిర్ణయమే ఈ పద్ధతికి గుండెకాయ, దీని మీదే ఎక్కువ సమయం వెచ్చించమని నా సలహా. రెండు చానెళ్లలోనూ సరిగ్గా ఒకే క్షణాన కనిపించేది నాడి సంకేతం కాదు. అది పుల్ల కుదుపు గాని, తీగ కదలిక గాని, బయటి విద్యుత్ గోల గాని అయి ఉంటుంది, ఎందుకంటే నాడి కబురుకు ప్రయాణ సమయం ఉండి తీరాలి. వెడల్పుగా, ఎగుడుదిగుడుగా, స్పైక్ తరువాత కొన్ని మిల్లీసెకన్లకు వచ్చేది కండరాల సంకేతం. ఇంకా సందేహముంటే వానపామును తాకకుండా పక్కనున్న పలకను అదే బలంతో తట్టి చూడాలి. ఆ తట్టుకు కూడా గుర్తు పడితే అమరికలోనే లోపం ఉన్నట్లు. ఈ చివరి పరీక్ష చేయని రికార్డింగును లెక్కలోకి తీసుకోకూడదు.

మరో విషయం: బలంగా తట్టినప్పుడు స్పైక్ పెద్దదవుతుందేమోనని చూడండి. కాదు. ఒకే తంతువు నుంచి వచ్చే స్పైక్ ఎత్తు దాదాపు మారదు, స్పైక్‌ల సంఖ్య మాత్రం ఒకటి నుంచి రెండు, మూడు అవుతుంది. తాకిడి బలాన్ని నాడి చెప్పే తీరు ఇదే. ఇంగ్లండులో ఎడ్గర్ ఏడ్రియన్ 1920లలో ఒంటరి నాడీ తంతువుల నుంచి రికార్డు చేసి దీనిని స్థాపించారు, 1932లో చార్లెస్ షెరింగ్టన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఒకేచోట వెంటవెంటనే పదిసార్లు తడితే స్పందన క్రమంగా తగ్గిపోతుంది. ఇది తంతువు అలసట కన్నా అలవాటు పడటం అనడం సరైనది. తట్టుకూ తట్టుకూ మధ్య కనీసం ఒక నిమిషం విరామం ఇవ్వండి.

లెక్క కట్టడం

ఆడాసిటీలో స్పైక్‌ను బాగా దగ్గరకు తెచ్చి, మొదటి చానెల్‌లో శిఖరం నుంచి రెండవ చానెల్‌లో శిఖరం వరకు ఉన్న భాగాన్ని ఎంచుకుంటే ఆ సమయం అడుగున కనిపిస్తుంది. దూరాన్ని మిల్లీమీటర్లలో, సమయాన్ని మిల్లీసెకన్లలో తీసుకుని భాగిస్తే జవాబు నేరుగా సెకనుకు మీటర్లలో వస్తుంది. ఉదాహరణకు దూరం 40 మిల్లీమీటర్లు, తేడా 2 మిల్లీసెకన్లు అయితే వేగం సెకనుకు 20 మీటర్లు. అదే దూరానికి తోక వైపు తట్టుకు 3.6 మిల్లీసెకన్లు పడితే వేగం సుమారు 11 మీటర్లు. వానపాము రకాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి అంకెలు మారతాయి గాని, మధ్య తంతువు సెకనుకు 10 నుంచి 30 మీటర్ల శ్రేణిలో, పార్శ్వ తంతువులు దానికంటే స్పష్టంగా తక్కువలో రావాలి. మీ జవాబు 200 మీటర్లు వచ్చిందంటే మీరు కొలిచింది గోలను.

దూరంలో 1 మిల్లీమీటరు పొరపాటు 40కి రెండున్నర శాతం. శిఖరాన్ని గుర్తించడంలో 0.1 మిల్లీసెకను పొరపాటు 2కి 5 శాతం. అంటే సమయం దగ్గరే ఎక్కువ జాగ్రత్త అవసరం, వీలైతే జతల మధ్య దూరాన్ని పెంచడం మేలు. వానపాము మధ్యలో సాగినా ముడుచుకున్నా దూరం మారిపోతుంది కనుక ప్రతి తట్టు తరువాతా స్కేలు చూసి రాసుకోవాలి. ఒక్కో చివర కనీసం పదిసార్లు కొలిచి మధ్యస్థ విలువను తీసుకోండి. హెల్మ్‌హోల్ట్స్ లాగానే ఇక్కడ కూడా పుల్ల తగలడానికీ స్పైక్ పుట్టడానికీ మధ్య గడిచిన సమయం మనకు తెలియదు, తెలియనవసరం కూడా లేదు. రెండు చానెళ్ల తేడా తీయగానే అది దానంతటదే కొట్టుకుపోతుంది.

మధ్య తంతువు ఎందుకు వేగవంతమైనది? అది లావు కనుక. సన్నని గొట్టంలో కంటే వెడల్పు గొట్టంలో నీరు తేలికగా పారినట్లు, లావు తంతువు లోపల విద్యుత్ ప్రవాహానికి అడ్డు తక్కువ. స్పైక్ తన ముందున్న పొరను మరింత దూరం వరకు ఒక్కసారిగా హద్దు దాటించగలదు. మైలిన్ తొడుగు, అంటే తంతువును చుట్టి ఉండే కొవ్వు పొరల కప్పు, లేని తంతువుల్లో వేగం వ్యాసపు వర్గమూలానికి దాదాపు అనుపాతంలో ఉంటుంది: వ్యాసం నాలుగింతలైతే గాని వేగం రెట్టింపు కాదు. వేగం కోసం లావును మాత్రమే నమ్ముకున్న స్క్విడ్ అనే సముద్రజీవికి అర మిల్లీమీటరు వ్యాసమున్న యాక్సాన్ అవసరమైంది, అయినా దాని వేగం సెకనుకు పాతిక మీటర్ల దరిదాపుల్లోనే. మన నాడుల్లో మిల్లీమీటరులో వందో వంతు లావున్న తంతువు మైలిన్ తొడుగు పుణ్యమా అని దానిని సునాయాసంగా దాటుతుంది. వానపాము మహాతంతువుల చుట్టూ కూడా మైలిన్‌ను పోలిన పొరలు ఉన్నాయి. అందుకే స్క్విడ్ యాక్సాన్ కంటే ఎంతో సన్ననివైనా అవి దానితో పోటీ పడగలుగుతున్నాయి.

ఇదే కొలత వైద్యంలో

నాడీ వైద్యులు రాసే నర్వ్ కండక్షన్ పరీక్ష కూడా ఈ రెండు బిందువుల లెక్కే. మణికట్టు దగ్గర, మోచేయి దగ్గర చర్మం మీద చిన్న విద్యుత్ తాకిడి ఇచ్చి, చేతి కండరంలో స్పందన వచ్చే సమయాల తేడాతో ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని భాగిస్తారు. ఆరోగ్యవంతులైన పెద్దల చేతుల్లో వేగం సాధారణంగా సెకనుకు 50 మీటర్లకు పైన, కాళ్లలో 40కి పైన ఉంటుంది. గిలాన్ బారే జబ్బులో మైలిన్ దెబ్బతిన్నప్పుడు వేగం పడిపోతుంది. తంతువులే చచ్చిపోయే జబ్బుల్లో వేగం కొంతవరకు నిలిచినా సంకేతం ఎత్తు తగ్గుతుంది. కుష్ఠు వ్యాధిలో మోచేయి దగ్గర అల్నార్ నాడి దెబ్బతిన్నదేమో తెలుసుకోవడానికీ ఇదే పరీక్ష తోడ్పడుతుంది. రిపోర్టులోని వేగం, ఎత్తు అన్న రెండు అంకెలు ఎందుకు విడివిడిగా ఉంటాయో ఈ ప్రయోగం చేసిన విద్యార్థికి ఎవరూ వివరించనక్కరలేదు.

ఈ పద్ధతికి అందనివి

బయటి పిన్నులు స్పైక్ ఎప్పుడు పోయిందో చెబుతాయి, పొర లోపల ఏం జరిగిందో చెప్పవు. అందుకు తంతువు లోపలికే ఎలక్ట్రోడ్‌ను పంపాలి. అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ 1939లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో స్క్విడ్ యాక్సాన్‌లోకి ఎలక్ట్రోడ్‌ను దించి, స్పైక్ సమయంలో లోపలి పీడనం సున్నా దగ్గర ఆగకుండా దాటిపోతుందని చూపారు. యుద్ధం తరువాత పీడనాన్ని కోరిన విలువ దగ్గర బిగించి పట్టే వోల్టేజ్ క్లాంప్ పద్ధతితో సోడియం, పొటాషియం ప్రవాహాలను విడదీసి, 1952లో స్పైక్‌ను సమీకరణాల్లో రాశారు. అవి నేటికీ వాడుకలో ఉన్నాయి. ఒక్క ద్వారం తెరుచుకోవడాన్ని చూడాలంటే సన్నని గాజు గొట్టపు మూతిని పొరకు గట్టిగా అతికించే ప్యాచ్ క్లాంప్ కావాలి. ఎర్విన్ నేయర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో దానిని ప్రకటించారు. ఎన్నో న్యూరాన్లను ఒకేసారి చూడాలంటే కాల్షియం పెరిగినప్పుడు వెలిగే ప్రోటీన్లతో చిత్రాలు తీస్తారు, అయితే ఆ వెలుగు స్పైక్ కంటే చాలా నెమ్మది కనుక వేగం కొలతకు అది పనికిరాదు. 2017లో వెలువడిన న్యూరోపిక్సెల్స్ అనే వెంట్రుక లాంటి సూదిలో 960 రికార్డింగ్ స్థానాలుంటాయి, వాటిలో ఒకేసారి 384 నుంచి వినవచ్చు. అందులోని ఒక్కో స్థానం మన పిన్ను చేసిన పనే చేస్తుంది. స్పైక్‌ను గోల నుంచి వేరుచేయడంలో మీరు పడిన కష్టాన్నే అక్కడ కంప్యూటర్లు పడతాయి.

పని ముగిశాక పిన్నులను మెల్లగా తీసి, వానపామును మరోసారి నీటితో కడిగి, తడి మట్టి ఉన్న గిన్నెలో నీడన ఉంచండి. సాధారణంగా అరగంటలోపు కదలిక తిరిగి వస్తుంది. ఒకే ప్రాణిని ఒకరోజులో రెండోసారి వాడవద్దు. నోటుపుస్తకంలో వానపాము పొడవు, పిన్నుల దూరాలు, మత్తులో ఉంచిన సమయంతో పాటు గది ఉష్ణోగ్రతను కూడా తప్పనిసరిగా రాయండి, ఎందుకంటే చల్లబడిన నాడిలో ద్వారాలు నెమ్మదిగా తెరుచుకుంటాయి, వేగం తగ్గుతుంది. జనవరి ఉదయం 20 డిగ్రీల దగ్గర కొలిచిన అంకెను ఏప్రిల్ మధ్యాహ్నపు అంకెతో పోల్చదలిస్తే ఆ ఒక్క గీత లేకుండా రెండూ వృథా అవుతాయి.